వంకాయలు లేతవి

ఒకప్పుడు దేశపు ఫుట్‌బాల్ జట్టు పేర్లు పేపర్లో పడితే చాలు, హైదరాబాదు ఇరానీ హోటళ్ళలో టేబులుకో కోచ్ తయారయ్యేవాడు. "మనవాడేం తక్కువండీ?" అని ఒకరు, "కలకత్తా వాళ్ళకే పెద్దపీటా?" అని ఇంకొకరు.

అసలు కోచ్ కష్టం వేరు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన హైదరాబాదు రహీంగారు, వెనక కాపలా కాసే జర్నైల్ సింగ్‌ని, అదీ తలకి కుట్లు పడ్డవాణ్ణి, ముందువరసలోకి పంపారు. ముందే అడిగివుంటే ఒక్క టేబులైనా ఒప్పుకునేదా? ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. ఒక గోలు జర్నైల్‌దే.

మరుసటి ఏడే రహీంగారు క్యాన్సర్‌తో పోయారు. ఆ స్వర్ణం మళ్ళీ మనకి రానేలేదు.

గెలిస్తే ఆటగాళ్ళ గొప్ప, ఓడితే ఎంచినవాడి తప్పు. వంటింట్లో మన సంగతీ అంతేగా! కూర కుదిరితే వంకాయలు లేతవంటారు, కుదరకపోతే మనల్నంటారు.