దేవమాలి దారిలో కావిడి పాఠం

సాలూరు దాటి, సుంకి ఘాట్ రోడ్డు ఎక్కి కోరాపుట్ జిల్లాలో అడుగు పెట్టగానే గాలి మారుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకూ ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. అందుకే జయపురం, కోరాపుట్ బజార్లలో తెలుగు పలకరింపు ఈనాటికీ చెవిన పడుతుంది. ఒడిశాలోకెల్లా ఎత్తయిన శిఖరం దేవమాలి ఈ జిల్లాలోనే ఉంది. ఎత్తు 1,672 మీటర్లు. వానాకాలంలో మబ్బులు మన భుజాల మీదుగా నడిచిపోతాయి. వాలు మీద చోడి చేలు పచ్చగా ఊగుతుంటాయి.

2022 ఆగస్టులో నేను, మా ఆవిడ, అత్తయ్యగారు, బావగారు కలసి దేవమాలి చూడబోయాం. బావగారు అప్పుడే ఒక పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నారు. బయలుదేరినది మొదలు ఆయనది ఒకటే మాట. "నాలుగు చక్రాలూ లాగే బండి ఇది. ఎక్కడ దిగబడుతుందోయ్?"

కొండ చూసి దిగాక, అత్తయ్యగారి చిన్ననాటి స్నేహితురాలు ఉన్న పల్లెకు మట్టి దారి పట్టాం. ఎర్రమట్టి, పైన తుంపర. ఒక మలుపులో వాననీరు దారిని ఏటవాలుగా కోసేసింది. బావగారు ఫోర్ వీల్ లివరు వేసి ధీమాగా ఎక్కించారు. సగం దాటేసరికి బండి ఒక పక్కకు ఒరిగి ఆగిపోయింది. ముందు ఎడమ చక్రం గండి మీద గాలిలో వేలాడుతోంది. వెనక కుడి చక్రం నేలను తాకీ తాకనట్టుంది. ఆయన యాక్సిలరేటరు తొక్కిన కొద్దీ ఆ రెండు చక్రాలూ గిర్రున తిరుగుతున్నాయి. గట్టి నేల మీదున్న మిగతా రెండూ రాళ్లలా కదలకుండా ఉన్నాయి. కుడివైపు లోయ. అత్తయ్యగారిని జాగ్రత్తగా ఎడమవైపు దింపాం. ఆవిడ చేతులు వణుకుతున్నాయి. బావగారి ముఖం చూడలేకపోయాను.

అంతలో వెనక నుంచి ఒక జీపు వచ్చి ఆగింది. డ్రైవరు అరవై దాటిన మనిషి. చూసి చిన్నగా నవ్వాడు.

"ఇంక తొక్కకండి బాబూ. మీరు కావిడి మోసినోళ్లని చూసినారా? రెండు పక్కలా బరువుంటేనే కావిడి నిలబడతాది. ఒక పక్క కుండ జారిపోతే రెండో కుండ కూడా లేవదు. ఇదీ అంతే."

ఆ పోలిక ఎంత నిజమో తరువాత ఆలోచిస్తే తెలిసింది. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి. అందుకని ఇరుసు మధ్యన డిఫరెన్షియల్ అనే పళ్లచక్రాల అమరిక పెడతారు. అది రెండు చక్రాలకూ తిప్పే బలాన్ని సమానంగానే పంచుతుంది. కానీ గాలిలో ఉన్న చక్రాన్ని తిప్పడానికి బలమే అక్కర్లేదు. దానికి ఎంత తక్కువ చాలితే, నేల మీది దానికీ అంతే అందుతుంది. లివరు వేస్తే ముందు ఇరుసు, వెనక ఇరుసు జతపడతాయి. ఒక్క చక్రం జారినా రెండో ఇరుసు లాగగలదు. కానీ ముందొకటి, వెనకొకటి మూలకు మూలగా పట్టు తప్పితే నాలుగు చక్రాల బండి కూడా నిలబడిపోవలసిందే.

మరి ఉపాయం? తిరిగే చక్రానికి ఏదో ఒక అడ్డు కల్పించాలి. జీపు డ్రైవరు, మేమూ కలసి రాళ్లు ఏరి వేలాడే చక్రం కింద పేర్చాం. తరువాత మమ్మల్నందరినీ దూరంగా నిలబెట్టి, బావగారిని యాక్సిలరేటరు కొంచెంగా ఇస్తూనే బ్రేకు మీద మెల్లగా కాలు ఆనించమన్నాడు. బ్రేకు పట్టేసరికి ఊరికే తిరిగే చక్రానికి బరువు తగిలినట్టయింది. రెండో చక్రానికీ బలం అందింది. రెండో ప్రయత్నంలో బండి గండి దాటింది.

ఇప్పటి కొత్త బండ్లలో ఈ పని యంత్రమే చేస్తుంది. 2020లో వచ్చిన కొత్త థార్‌లోనూ, 2023లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన జిమ్నీలోనూ జారే చక్రాన్ని తనంతట తానే బ్రేకు పట్టే ఏర్పాటు ఉంది. కొన్ని బండ్లలో డిఫరెన్షియల్‌నే బిగించేసే లాకు ఉంటుంది. మామూలుగా ముందు చక్రాలతో నడుస్తూ, అవి జారినప్పుడు మాత్రమే వెనక చక్రాలకు బలం పంపే ఆల్ వీల్ డ్రైవ్ కార్లూ ఉన్నాయి. వాటిలో చక్రాలను అదేపనిగా తిప్పుతూ కూర్చుంటే మధ్యనున్న క్లచ్చి పలకలు వేడెక్కిపోతాయి.

డబ్బు ఇవ్వబోతే ఆ పెద్దాయన పుచ్చుకోలేదు. వెళ్లబోతూ రెండు మాటలు చెప్పాడు.

"తారురోడ్డు ఎక్కగానే ఆ లివరు తీసేయండి బాబూ. మలుపుల్లో ముందు చక్రాల దారి వేరు, వెనక వాటి దారి వేరు. రెండూ పెనుగులాడి గేర్లు పాడవుతాయి. ఇంకో మాట. ఎక్కేటప్పుడే మీది నాలుగు చక్రాల బండి. దిగేటప్పుడు బ్రేకు పట్టేది ఏ కారుకైనా నాలుగు చక్రాలే. ఘాట్‌లో మెల్లగా దిగండి."

ఆ రెండో మాటే మాకు అసలు రక్ష అనుకుంటాను. నాలుగు చక్రాలూ లాగడం వల్ల జారే వాలు ఎక్కగలం. ఆ నమ్మకంతోనే దిగేటప్పుడు వేగం పెంచుతాం. కానీ తడి రోడ్డు మీద బండిని ఆపేది ఇంజను కాదు, టైరుకూ నేలకూ ఉన్న పట్టు. అది అన్ని బండ్లకూ ఒకటే.

మరునాడు ఉదయం సుంకి ఘాట్ దిగేటప్పుడు వాన, పైగా మంచు. ఎవరూ చెప్పకుండానే బావగారు లివరు తీసేసి, రెండో గేరులో మెల్లగా దించారు. వెనక నుంచి కార్లు హారన్ కొట్టి దాటిపోయాయి. ఆయన పట్టించుకోలేదు. సాలూరు చేరి వెనక్కి తిరిగి చూస్తే, అత్తయ్యగారు హాయిగా నిద్రపోతున్నారు.