బల్లికి ఇల్లు కట్టి చూడు

బల్లిని పెంచుకుంటున్నానని చెప్తే మనవాళ్ళ స్పందన రెండు రకాలు. ఒకటి "ఛీ", రెండు "ఎందుకూ?". మా అమ్మది మూడో రకం. "గోడమీదకి ఊరికే వచ్చేదాన్ని డాలర్లు పోసి కొన్నావట్రా?" అంది. లెక్క ప్రకారం ఆవిడన్నది కరెక్టే, కాదనలేను :)

ఆవిణ్ణి అని లాభం లేదు. మన పంచాంగాల్లో బల్లి ఒంటిమీద ఎక్కడ పడితే ఏం ఫలితమో చెప్పే పట్టికలుంటాయి. ఆ దోషం పోవాలంటే కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని ముట్టుకోవాలి. బల్లి అంటే మనకి ఒక శకునం, లేదా పాలగిన్నె మీద మూత ఎందుకు పెట్టాలో చెప్పే కారణం. అంతేగానీ తిండిపెట్టి పెంచే ప్రాణి కాదు.

నాది లెపర్డ్ గెక్కో. ఒంటినిండా చిరుతకున్నట్టు మచ్చలు. మనింటి బల్లికీ దీనికీ పెద్ద తేడాలే ఉన్నాయి. దీని వేళ్ళకి అతుక్కునే మెత్తలుండవు కాబట్టి గాజుగోడ ఎక్కలేదు. కనురెప్పలుంటాయి, చక్కగా కళ్ళు మూసుకుని నిద్రపోతుంది. అఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతంలోని రాతినేలలు దీని పుట్టిల్లు. దీని దాయాది ఒకటి మన తూర్పు కనుమల్లోనే ఉంది. ఆంధ్ర, ఒడిశాల్లో దొరికే ఆ జాతికి 2022లో యూబ్లెఫారిస్ పిక్టస్ అని పేరుపెట్టారు. అలాగని కొండకెళ్ళి ఒకటి పట్టుకొచ్చేయకండి, అది పెంపకం కాదు, దొంగతనం. ఇక్కడ అమెరికాలో అమ్మేవి ఎన్నో తరాలుగా మనుషుల దగ్గర పుట్టి పెరిగినవి. మావాడికి సత్యం అని పేరు పెట్టాను. బల్లి పలికితే మనవాళ్ళు "సత్యం" అంటారు కదా, అందుకు. మన ఫీల్డువాళ్ళకి ఇంకేదో గుర్తొస్తే నా పూచీ లేదు.

సరే, అసలు విషయానికొస్తే.. బల్లి చవక, ఇల్లే ఖరీదు. 20 గ్యాలన్ల పొడుగు ట్యాంకు, అంటే 30 అంగుళాల పొడవు, 12 వెడల్పు. పిల్లకి ఇది చాలు, పెద్దయ్యాక 40 గ్యాలన్లది మేలు. ఈ ప్రాణికి తన ఒంటివేడి తనే తయారుచేసుకునే ఏర్పాటు లేదు. వేడి కావాలంటే వేడిచోటికి, చల్లదనం కావాలంటే చల్లచోటికి నడుస్తుంది. కాబట్టి మనం కట్టాల్సింది ఒక వాతావరణం. ఓ పక్క నేల 90 డిగ్రీల ఫారన్‌హీట్, రెండో పక్క 75-80. వేడి పక్కన ఒక గూడు, చల్లటి పక్కన ఒకటి, మధ్యలో తడి కాగితం పరిచిన మూడోది. కుబుసం విడిచేటప్పుడు ఆ తడిగూడే దిక్కు. వేళ్ళ చివర పాత చర్మం బిగుసుకుపోతే రక్తం ఆడక వేళ్ళు ఊడిపోతాయి. ఇసక వేయకుండా కాగితం పరిచాను. ఇసక మింగితే పేగుల్లో అడ్డుపడే ప్రమాదం ఉంది.

అన్నిటికన్నా ముఖ్యం థర్మోస్టాట్. అది లేకుండా హీట్ మ్యాట్ పెడితే 100 దాటిపోవచ్చు, పాపం అది కదలకుండా అక్కడే పడుకుని పొట్ట కాల్చుకుంటుంది. అందుకే సత్యం రాకముందు వారంపాటు ఖాళీ ట్యాంకుని నడిపి, పొద్దునా రాత్రీ టెంపరేచర్లు రాసుకున్నాను. టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్‌కి వెళ్ళే అలవాటు ఆఫీసులో చూసిందే చాలు!

తిండి సంగతి ఇంకో కథ. కోడిగుడ్డు కూడా గడపదాటి రాని ఇంట్లో పుట్టిన నేను ఇప్పుడు కీచురాళ్ళకి కారెట్ ముక్కలు మేపి, వాటికి కాల్షియం పొడి అద్ది, ప్రాణంతోనే వేస్తున్నాను. కాల్షియం తగ్గితే దాని ఎముకలు మెత్తబడి వంకర్లు తిరుగుతాయి. పురుగు సైజు దాని రెండు కళ్ళ మధ్య దూరం మించకూడదు. మొదటిసారి చెయ్యి వణికింది. ఇప్పటికీ ఆ డబ్బా తెరిచినప్పుడు ఏదోలా ఉంటుంది. కానీ ఇది పురుగులే తినే ప్రాణి. నా శాకాహారం నాది, దానిమీద రుద్దే హక్కు నాకు లేదు.

తీరా వచ్చాక తొమ్మిది రోజులు ఏమీ తినలేదు. వచ్చినరోజు 24 గ్రాములు, ఎనిమిదో రోజుకి 22. కొత్తచోటికొచ్చిన గెక్కో వారం పదిరోజులు తినకపోవడం మామూలేనని, తోకలో దాచుకున్న కొవ్వు ఆదుకుంటుందని చదివాను. తెలుసుకోవడం వేరు, చూస్తూ ఊరుకోవడం వేరు. ఏదో ఒక సెట్టింగు మార్చి చూద్దామని చేతులు లాగుతాయి మనలాంటివాళ్ళకి. వేడి సరిగ్గానే ఉంది, నీళ్ళున్నాయి, తోక లావుగానే ఉంది. ఇంక మార్చడానికేముంది? ముట్టుకోకుండా ఉండటమే అప్పుడు నేను చెయ్యగలిగిన సాయం. తొమ్మిదో రాత్రి పిల్లిలా తోకకొస ఆడించి ఒక్క దూకు దూకి పట్టింది. ప్రొడక్షన్ రిలీజు సక్సెసయినప్పుడు కూడా అంత సంతోషపడలేదు.

ఇప్పుడు అసలు చిక్కు. లెపర్డ్ గెక్కో బాగా చూసుకుంటే 15-20 ఏళ్ళు బతుకుతుంది. నా హెచ్-వన్‌బీ మామూలు గడువు ఆరేళ్ళు, గ్రీన్ కార్డు మెట్లెక్కితే పొడిగింపులు. ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజులు. కారమ్ముకోవచ్చు, సోఫా ఎవరికైనా ఇచ్చేయొచ్చు. దీన్నేం చేస్తాను? కొనకముందే గ్రీన్ కార్డున్న స్నేహితుణ్ణి అడిగాను. వాడు నవ్వి, ఇంటికొచ్చి ట్యాంకు చూసి, థర్మోస్టాట్ ఎలా పనిచేస్తుందో అడిగి తెలుసుకుని, అప్పుడు సరేనన్నాడు. ఆ సరే వచ్చాకే కొన్నాను.

కుక్కలా ఇది తోకాడిస్తూ ఎదురురాదు. నన్ను గుర్తుపడుతుందో లేదో, నా చెయ్యి దానికి వెచ్చటి రాయేనేమో. అయినా రోజూ రాత్రి భోజనం చెయ్యకముందు దాని గ్లాసు ముందు ఓసారి ఆగుతాను. తిరిగి ఏమీ ఇవ్వనిదాన్ని బాధ్యతగా చూసుకోవడంలో ఒక ప్రశాంతత ఉంది, అది నాకు నచ్చింది.

మీలో ఎవరైనా తెచ్చుకుందామనుకుంటే రెండే మాటలు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, సాల్మొనెల్లా ఉండొచ్చు. రెండోది, మీరు దేశం వదిలిన రోజున దాన్ని ఎవరు చూస్తారో ఆ మనిషి పేరు ముందే తేల్చుకోండి. పేరు దొరక్కపోతే.. గోడమీద ఊరికే వచ్చేవాటితోనే సరిపెట్టుకోవడం మంచిది. ఏమంటారు?