తెర కుట్టిన చేతులు

నూజివీడులో రసాలు దిగే రోజుల్లో మా ఇళ్లనిండా వరిగడ్డి వాసన, మాగిన కాయ వాసన. తోటలు గుత్తకు పట్టేవాళ్లం, బుట్టలు కట్టేవాళ్లం. కాపు అయిపోయాక మా అబ్బాజాన్ మళ్లీ కుట్టుమిషను ముందు కూచునేవాడు. ఊరి నాటకాల హాలుకు తెర కుట్టింది ఆయనే.

మొన్న ఆ హాలు కాపాడుకోవాలని మీటింగు పెట్టారు. పేపరువాళ్లం కాబట్టి మమ్మల్నీ పిలిచారు. 'మన తెలుగు నాటకం' అంటూ చాలాసేపు మాట్లాడారు. టీ దగ్గర ఒక పెద్దమనిషి మా భుజమ్మీద చెయ్యేసి, "ఏం సాయిబు గారూ, మీలో నాటకాలవీ ఉండవు కదా!" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. మా బాధంతా అదే.

ఉండవా? 1880లో ధార్వాడ కంపెనీ రాజమండ్రిలో ఆడి వదిలిపోయిన పాకల్లోనే కదా వీరేశలింగం తన శిష్యులతో నాటకం ఆడించింది! ఎవరో వేసిన పాకలో మొదలైంది మన రంగస్థలం. ఆ దశాబ్దంలోనే బందరులో నాదెళ్ల పురుషోత్తమకవి 32 హిందుస్తానీ నాటకాలు రాశాడు. తెలుగు లిపిలో! మేం ఇంట్లో మాట్లాడే మాట, బళ్లో దిద్దిన అక్షరం ఒకే కాగితం మీద. ఇక బుర్రకథకు అంత పేరు తెచ్చిన షేక్ నాజర్ ఎవరు? 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన జీవితకథ పేరు 'పింజారి'.

అట్లాగని మావన్నీ తీపి జ్ఞాపకాలు కావు. 1897 నాటి 'ప్రతాపరుద్రీయం' ఆడితే తురకలు మోసపోయినప్పుడల్లా హాలంతా నవ్వేది. మేమూ నవ్వాం. నవ్వుతూ అబ్బాజాన్ మొహం చూశాం. ఆయన తెర వైపు చూస్తున్నాడు, కుట్టు ఎక్కడన్నా ఊడిందేమోనని.

పెళ్లిళ్లకు అద్దెకిస్తే హాలు కప్పు నిలుస్తుంది. తప్పు లేదు. కానీ ఆట పడని హాలు గోదామే. 1885లో మొదలైన సురభి ఇన్నాళ్లు నిలిచింది గోడల వల్లనా? ఇంటిల్లిపాదీ మొహానికి రంగేసుకోబట్టి.

మేం అడిగింది ఒక్కటే. ఏడాదికి ఒక రాత్రి మాకివ్వండి, నాదెళ్ల వారి నాటకం ఏది దొరికితే అది మా పిల్లలతో ఆడిస్తాం. వాళ్లకు ఉర్దూ లిపి రాదు, తెలుగు లిపి వచ్చు. "ఉర్దూ నాటకమా?" అన్నారు. "చూద్దాం లెండి" అన్నారు. మినిట్స్ పుస్తకంలో మాత్రం ఆ మాట ఎక్కలేదు. కప్పు బాగుకు చందా అడిగారు, ఇచ్చాం. రసీదు మా దగ్గరుంది.