రామప్ప కట్ట మీద ఎండాకాలం

చెరువు నిండినప్పుడు అందరూ వస్తారు. మత్తడి దూకుతుంటే ఫొటోలు దిగి, మక్క కంకులు తిని వెళ్లిపోతారు. రామప్ప చెరువును తెలుసుకోవాలంటే మాత్రం ఎండాకాలంలోనే రావాలి. యాసంగి పంటకు నీళ్లు వదిలాక మే నెల నాటికి మట్టం దిగుతుంది. అప్పుడే కట్ట లోపలి వైపు పేర్చిన రాళ్లు బయటపడతాయి. నిండు నీళ్ల కింద దాగి ఉన్న శిఖం పరుచుకుంటుంది. ఇన్ని నీళ్లను ఇంత కట్ట ఎట్లా ఆపుతున్నదో కళ్లారా చూడొచ్చు.

ములుగు జిల్లా వెంకటాపూర్ మండలంలోని పాలంపేట ఊరిది ఈ చెరువు. వరంగల్ నుంచి ములుగు, జంగాలపల్లి మీదుగా సుమారు 70 కిలోమీటర్లు. హైదరాబాద్ వాళ్లు శుక్రవారం సాయంత్రం బయల్దేరితే రాత్రి భోజనాల వేళ దాటాక చేరుకుంటారు. చెరువు ఒడ్డునే పర్యాటక శాఖ వసతి ఉంది. గదులు కొన్నే కాబట్టి ముందుగా మాట్లాడుకుని రావడం మంచిది.

శనివారం తెల్లారకముందే లేవండి. ఎండాకాలంలో ఈ నేల మీద బతికేవాళ్ల రోజు ఆ వేళకే మొదలవుతుంది. రాత్రి వేసిన వలలు ఎత్తడానికి జాలర్లు అప్పటికే నీళ్ల మీద ఉంటారు. రవ్వ, బొచ్చె, బంగారు తీగ ఒడ్డుకు వస్తాయి. అదృష్టం ఉంటే కొర్రమీను కూడా దొరుకుతుంది. బేరం అయ్యాక అక్కడే శుభ్రం చేసి ఇమ్మని అడగండి. చింతపండు పులుసులో అంత తాజా చేప ఉడికితే ఇక వేరే కూర మాట ఎత్తరు. అటు అడవి వైపు తునికాకు కోసే కుటుంబాలు కూడా పొద్దు ఎక్కకముందే బయల్దేరతాయి. వానలు పడకముందు, ఆకు లేతగా ఉన్న కొద్ది వారాలే కోత. 50 ఆకులకు ఒక కట్ట కట్టి కల్లానికి చేర్చాలి. ములుగు అడవుల్లో ఎన్నో కోయ ఇళ్లకు వేసవిలో చేతిలో ఆడే డబ్బు అదే. ఆ పనిలో ఉన్నవాళ్లను నిలబెట్టి ఫొటోలు తీయొద్దు, దారి ఇవ్వండి.

రామప్ప గుడికి ఎనిమిదింటికల్లా వెళ్లి రావాలి. ఆ తర్వాత రాళ్లు కాలిపోతాయి, చెప్పులు లేని కాళ్లు నిలవవు. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రుద్రేశ్వరాలయం ఇది. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. నీళ్ల మీద తేలేంత తేలికైన ఇటుకలతో కట్టిన శిఖరం, నల్లరాతి మదనికలు, మండపం ఎదుట చెవులు నిక్కించి కూర్చున్న నంది గురించి చాలామంది చాలా రాశారు. నా మనసు ఎప్పుడూ వాటి దగ్గర కొంతసేపు ఆగి, చెరువు వైపే పోతుంది. గుడి కట్టినవాళ్లే ఈ నీళ్లనూ నిలబెట్టారు. చెరువు తవ్వించడాన్ని సప్తసంతానాల్లో ఒకటిగా లెక్కపెట్టిన కాలం అది. గుడిని మనం కాపాడుకోవాల్సి వస్తున్నది, చెరువు ఈనాటికీ మనకు అన్నం పెడుతున్నది. ఇక్కడికి వచ్చినవాళ్లలో సగం మంది ఆ కట్ట ఎక్కకుండానే తిరిగిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

కట్ట మీద నిలబడి రెండు వైపులా చూడండి. గుట్టలు దగ్గరికి వచ్చి, వాగు ఇరుకుగా పారే చోటు వెతికి, ఆ సందును మట్టితో మూసి, అలలు కోయకుండా లోపల రాళ్లు పరిచారు. మిగతా మూడు దిక్కులా గుట్టలే గోడలు. పాఖాల చెరువును కూడా కాకతీయులు ఇదే తెలివితో కట్టారు. నీళ్లు వదలడానికి తూము, ఎక్కువైతే దానంతట అదే పోవడానికి మత్తడి. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత ఈ పాత చెరువునే దేవాదుల పథకంలోకి తీసుకున్నారు. గోదావరి నుంచి ఎత్తిపోసిన నీళ్లు భీం ఘన్‌పూర్ మీదుగా ఇక్కడికి వస్తున్నాయి. కొత్త ఇంజనీర్లు పాత కట్టను నమ్మారంటే అంతకంటే పెద్ద మెప్పు ఏముంటుంది!

పదకొండు నుంచి నాలుగున్నర దాకా ఏ పనీ పెట్టుకోవద్దు. మేలో 43, 44 డిగ్రీలు ఇక్కడ మామూలే. చల్లలో ఉప్పు, ఉల్లిపాయ వేసుకుని తాగి, చేపల పులుసుతో తిని, నీడన నడుం వాల్చాలి. పిల్లలు విసుక్కుంటే తాటి ముంజలు ఉన్నాయి. దారి పక్కన గీత కార్మికులు కాయ చెక్కి ఇస్తారు. బొటనవేలితో ముంజను పెకిలించి నీరు కారకుండా మింగడం నేర్చుకోవడానికి పిల్లలకు ఒక మధ్యాహ్నం సరిపోతుంది.

ఎండ వాలాక మళ్లీ కట్ట. బర్రెలు నీళ్లలోంచి లేచి ఇంటిదారి పడతాయి. నీళ్ల మీదుగా గాలి మొదలవుతుంది. ఆ గాలి కోసమే వచ్చినా తప్పు లేదు. కానీ చెరువులోకి మాత్రం దిగొద్దు. ఎండిన పొరలా కనిపించే చోట కింద మెత్తటి ఒండ్రు ఉంటుంది, కాలు పెడితే మోకాలి దాకా పోతుంది. ఈత వచ్చినవాళ్లకూ ఇదే మాట.

ఆదివారం పొద్దున చాలామంది లక్నవరం వేలాడే వంతెనకు పరుగెత్తుతారు. అదీ కాకతీయుల చెరువే, అందమైనదే. కానీ ఎండాకాలం ఆదివారాల్లో అక్కడ జనం ఎక్కువ, నీడ తక్కువ. నన్నడిగితే ఆ పూట కూడా రామప్ప కట్ట మీదే గడపండి. కారు తీయాలనే ఉంటే ఘన్‌పూర్ కోటగుళ్లు దగ్గరే, తొమ్మిదింటిలోపు చూసి రావచ్చు. తిరుగు ప్రయాణం సాయంత్రం ఐదు తర్వాతే పెట్టుకోండి. వెళ్లేముందు చేపలు కొంటే ఐసు, డబ్బా మీరే తెచ్చుకుని ఉండాలి.