1954: యానాం, మెంఫిస్

దడాల రఫేల్ రమణయ్య గారు విమోచనోద్యమాన్ని ముందుండి నడపగా మన యానాంలో ఫ్రెంచి పాలన కూలింది 1954 జూన్ 13న. మూడు వారాలు తిరిగాయో లేదో, జూలై 5 రాత్రి అక్కడ అమెరికాలో, మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో ఎల్విస్ ప్రెస్లీ అనే పంతొమ్మిదేళ్ల ట్రక్కు డ్రైవరు సరదాకి ‘దట్స్ ఆల్ రైట్’ ఎత్తుకున్నాడు. డ్రమ్స్ లేవు. బిల్ బ్లాక్ బాస్ తీగల్ని ఫట్‌ఫట్‌మని కొడుతుంటే అదే తాళం, అదే ఊపు!

ఆ పాట నిజానికి ఆర్థర్ క్రుడప్‌ది. నల్లజాతి బ్లూస్ గాయకుడు, 1946లోనే రికార్డు చేశాడు. పేరు, డబ్బు ఎల్విస్‌కి. క్రుడప్‌కి మాత్రం కూలిపని. రాయల్టీ కోసం పోరాడుతూనే 1974లో పోయాడు. రాక్ అండ్ రోల్‌కి ఎల్విసే మూలపురుషుడంటే నేనొప్పుకోను. యూట్యూబులో ముందు క్రుడప్‌ని వినండి, తర్వాతే ఎల్విస్‌ని.