బండి మిజాజు

జపాన్ బండా, జర్మన్ బండా అని మా షార్జా వర్క్‌షాప్‌లో చాయ్ దగ్గర మొదలయ్యే బహస్ అసర్ అజాన్ దాకా తెగదు. ఒకడు ల్యాన్సర్ ఎవోకి ఫిదా, ఇంకొకడు బీఎండబ్ల్యూ ఎం3కి దీవానా. నేను పద్నాలుగేళ్లుగా అలైన్‌మెంట్, సస్పెన్షన్ పనే చేస్తున్నాను. రెండు ఖాందాన్ల బండ్లూ నా లిఫ్ట్ ఎక్కుతాయి. కింద నుంచి చూసేవాడికి ఎవరి తరఫ్‌దారీ అక్కర్లేదు. నాకు తెలిసింది ఒకటే. బండి ఏ ముల్కులో పుట్టిందన్నది తర్వాత, ఏ దారి మీద పెరిగిందో చూస్తే దాని మిజాజు తెలుస్తుంది.

ఇప్పుడు ఇది రాయడానికి సబబుంది. కడపలో ఉన్న మా ఆపా కొడుకు దుబాయ్‌లో మూడేళ్లు మెహనత్ చేశాడు. ఇంటికి పంపాల్సింది పంపి, మిగిలిన పైసలతో పాత స్పోర్ట్స్ సెడాన్ కొంటానంటున్నాడు. ఒక కన్ను ఎవో 10 మీద, ఇంకో కన్ను ఈ90 ఎం3 మీద. "మామూ, మలుపుల్లో ఏది బాగుంటుంది?" అని వాడి సవాల్. "ఏది కొంటే పిల్లోడు సలామత్‌గా రూముకి చేరతాడురా?" అని ఆపా సవాల్. నా ఖయాల్‌లో రెండూ ఒకటే సవాల్.

ముందు ఎవో సంగతి. అది ర్యాలీ కోసం పుట్టిన బండి. ర్యాలీ అంటే మట్టి, కంకర, మంచు. ముందు మలుపు దాటాక ఏముందో ఖాయంగా తెలియని దారి. ఆ దారుల మీదే సుబారు ఇంప్రెజాతో కాలిన్ మెక్‌రే 1995లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. తర్వాత ఎవోతో టామీ మాకినెన్ 1996 నుంచి 1999 దాకా వరసగా నాలుగుసార్లు గెలిచాడు. జారే నేల మీద రెండు చక్రాల పట్టు చాలదు కాబట్టి ఇంజన్ తాకత్ నాలుగు చక్రాలకూ పంచారు. 1996లో వచ్చిన ఎవో 4లో ఇంకో హిక్మత్ కలిపారు. వెనక చక్రాల్లో కుడిదానికి ఎంత, ఎడమదానికి ఎంత అన్నది బండే చూసుకుంటుంది. మలుపులో బయటి చక్రానికి తాకత్ ఎక్కువ పంపితే బండి మూతి లోపలికి తిరుగుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. 1989 నుంచి 2004 దాకా జపాన్ కంపెనీలు తమ ముల్కులో అమ్మే బండ్లకు 280 హార్స్‌పవర్ మించి చెప్పకూడదని తమలో తాము ఒప్పుకున్నాయి. తాకత్ పేరు చెప్పి గొప్పలకు పోయే వీలు తగ్గినప్పుడు, మలుపుల్లో పనితనం చూపించడమే మిగిలింది.

ఎం3 ఖాందాన్ వేరు. 1986లో వచ్చిన మొదటి ఎం3 టూరింగ్ కార్ రేసుల కోసం తయారైంది. అక్కడ తారు రోడ్డు, అవే మలుపులు మళ్లీ మళ్లీ. ఇంటి దగ్గర హద్దులేని వేగంతో పోగలిగే ఆటోబాన్. అందుకే బరువు ముందూ వెనకా దాదాపు సమానంగా పెట్టారు. ముందు చక్రాలది తిప్పే పని, వెనక చక్రాలది తోసే పని. ఈ90లో 4 లీటర్ల వీ8 ఇంజన్ 8,000 తిరుగుళ్లు దాటి పాడుతుంది.

దోస్తుల బండ్లలో రస్ అల్ ఖైమా దగ్గర జెబెల్ జైస్ ఎక్కినప్పుడు, స్పీడ్ లిమిట్ లోపలే ఈ ఫరక్ చేతికి తెలిసింది. ఎవో స్టీరింగు కాస్త కదిలిస్తే చాలు, మూతి వెంటనే మలుపులోకి దూకుతుంది. కొంచెం తొందరపడినా సర్దేసుకుంటుంది. కొత్తవాడు కూడా ఉస్తాద్‌లాగా తోలుతున్నాననుకుంటాడు. ఎం3లో అంత తొందర లేదు. మలుపు ముందే బ్రేకు వేసి, బరువు కుదిరాక తిప్పి, బయటికొస్తూ మెల్లగా రేసు ఇవ్వాలి. ఆ తర్తీబు పాటిస్తే ముందు చక్రాలు ఎంత పట్టుకున్నాయో స్టీరింగు చెబుతుంది, వెనక చక్రాల సంగతి సీటు చెబుతుంది. తర్తీబు తప్పి రేసు గట్టిగా తొక్కితే, ఎలక్ట్రానిక్ కాపలా ఆపేసి ఉంటే, తోక బయటికొస్తుంది.

మరి ఏది ఖతర్? పొడి రోడ్డు మీద ఎం3 ముందుగా ఖబర్ ఇస్తుంది. ఎవో చాలాసేపు మాఫ్ చేస్తూ పోతుంది. కానీ దాని పట్టు వదిలే వేళకు వేగం చాలా పెరిగి ఉంటుంది, సర్దుకునే మోహలత్ తక్కువ. వానలో లెక్క మారుతుంది. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న నూనె, ఇసుక మొదటి వానకి సబ్బులా అవుతాయి. అప్పుడు బయల్దేరేటప్పుడు, మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు ఎవో నాలుగు చక్రాలు నిజంగా సహారా. అయితే బ్రేకు వేసినప్పుడు ఆ సహారా ఏమీ ఉండదు. ఆగేటప్పుడు ఏ బండికైనా నాలుగు టైర్లే దిక్కు. ఇది మా పిల్లలకు ఎవరూ చెప్పరు.

జపాన్ అంటే ఇలా, యూరప్ అంటే అలా అని ఫత్వా ఇచ్చేయడం కూడా ఇన్సాఫ్ కాదు. నాలుగు చక్రాల తాకత్‌తో 1980లో వచ్చి ర్యాలీ లోకాన్ని మార్చింది జర్మన్ ఆడీ క్వాట్రో. వెనక చక్రాలతో తోసే 5 లీటర్ల వీ8 సెడాన్ లెక్సస్ ఐఎస్ ఎఫ్ జపాన్‌దే. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్న ఇల్మ్ ఇది.

పైగా భాంజా కొనేది షోరూమ్ బండి కాదు, పదేళ్లు దాటిన బండి. వాడు చూసొచ్చిన రెంటినీ లిఫ్ట్ ఎక్కించాం. ఎవోకి స్ప్రింగులు కోసి కిందికి దించారు, ముందొక రకం టైర్లు, వెనకొక రకం. ఎం3కి ముందు కంట్రోల్ ఆర్మ్ బుష్షులు పగిలాయి. ఆ హాలత్‌లో ఏ ఖాందాన్ గుణమూ బయటికి రాదు. స్ప్రింగు కోస్తే చక్రం గుంతలో దిగి లేచే జాగా పోతుంది. బుష్షు పగిలితే బ్రేకు వేసినప్పుడు చక్రం తన ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. టైరు పక్కన తయారీ కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. గీతలు ఎంత లోతుగా ఉన్నా, ఎండకు గట్టిపడిన రబ్బరు రోడ్డును పట్టుకోదు.

వాడికి నేను చెప్పింది ఇది. చేతిలో ఉన్న పైసలన్నీ బండికే పెట్టొద్దు. నాలుగు కొత్త టైర్లు, బుష్షులు, బ్రేకులు, అలైన్‌మెంట్‌కు ముందే పక్కన తీసిపెట్టు. మిగిలినదాంట్లో వచ్చే బండే నీ బండి. ఆ హిసాబులో ఎం3 రాకపోతే ఎం3 వద్దు, ఎవో రాకపోతే ఎవో వద్దు. వాడి మొహం చిన్నబోయింది. ఆ రెండు బండ్లూ వదిలేసి ఇంకా వెతుకుతున్నాడు.

ఆపాకి కూడా ఫోన్ చేసి ఇదే చెప్పాను. బండి పేరు అడగొద్దు, టైర్లు ఎప్పటివో అడుగు అన్నాను. ఇప్పుడు కడప నుంచి ప్రతి జుమ్మాకి కొడుక్కి ఫోన్ చేసి, చూసిన బండి టైర్ల అంకెలు చదివించుకుంటోంది.