నోటుబుక్కులో లేని టైము

మా హాస్టలు గదిలో గోడమేకుకు ఒక నోటుబుక్కు వేలాడుతుండేది. కాలేజీ క్రాస్‌కంట్రీ జట్టులో ఉన్న నేనూ, నా రూమ్మేటూ ఏ ఆదివారం ఎంతసేపట్లో కొండ చుట్టి వచ్చామో అందులో రాసుకునేవాళ్ళం. పాఠాల నోట్సు అంత శ్రద్ధగా రాసి ఉంటే మా లెక్చరర్లు నన్ను చూసి మొహం చిట్లించుకునేవారు కారు. ఆ పుస్తకంలో ఒక్క ఆదివారం మాత్రం ఖాళీ. నా జన్మలో అంత వేగంగా పరిగెత్తింది ఆ రోజే. మరి ఎందుకు రాయలేదంటారా? అది చెప్పుకోవడానికే ఈ నాలుగు ముక్కలు.

తిరుపతిలో చదివినవాళ్ళకి కొండ దారులు చెప్పనక్కర్లేదు. తిరుమలకు కాలినడకన రెండు దార్లున్నాయి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లే గాని, అవన్నీ రెండు కిలోమీటర్ల పైచిలుకులోనే ఉన్నాయి. చేరేది మాత్రం ఒకే కొండకి. ఆ నిలువు ఎలాంటిదో ఊహించుకోండి! 2021 నవంబరు వానలకు ఆ దారి దెబ్బతిని, మళ్ళీ 2022 మేలో గాని తెరవలేదు.

మా చుట్టు ఇదీ: చీకటితో హాస్టలు వదిలి పన్నెండు కిలోమీటర్ల అవతల శ్రీనివాసమంగాపురం, అక్కణ్ణించి శ్రీవారి మెట్టు ఎక్కడం, తిరుమల దాటి అలిపిరి మెట్ల మీదుగా దిగడం. బూట్లతో మెట్లెక్కితే మా అమ్మ ఊరుకోదు గనుక, ఇద్దరి బూట్లూ ఒకే సంచిలో వేసి వంతులవారీగా వీపున మోసేవాళ్ళం. ఇద్దరి ఫోన్లూ అందులోనే.

ఎక్కేటప్పుడు గుండె నోట్లోకి వస్తుంది. అయినా ఎక్కడం మేలు. దిగేటప్పుడే అసలు పరీక్ష. మెట్టుమెట్టుకీ ఒంటి బరువును ఆపాల్సింది తొడ కండలే, సాగుతూనే బిగుసుకోవాలి. ఆ దెబ్బ ఆ పూట తెలీదు. మర్నాడో, మూడోనాడో హాస్టలు మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది. మెస్సుకి వెనక్కి తిరిగి మెట్లు దిగి వెళ్ళిన రోజులున్నాయి నాకు!

అది 2023 డిసెంబరు. అంతర కళాశాలల పోటీకి జట్టును ఎంచుకోవడం మరో పదిహేను రోజుల్లో ఉంది. మా ఇద్దరిలో వాడే గట్టివాడు. రాజంపేట వైపు పల్లెవాడు, ఊపిరి మేకపోతు ఊపిరి. ఆ రోజు మాత్రం రాత్రి జ్వరం తగిలి లేచాడు. వద్దురా అన్నా వినలేదు. శ్రీవారి మెట్టు మీద మొదటిసారి నేను ముందు, వాడు వెనక. ఆ సంతోషం నా తలకెక్కింది.

తిరుమల నుంచి అలిపిరి దారి పట్టి మోకాళ్ళ మెట్టు దిగుతున్నాం. ఆ పేరు ఉత్తినే రాలేదు. ఎక్కేవాళ్ళ మోకాళ్ళు మొర పెట్టుకునే చోటది. రామానుజులవారు స్వామి కొండను పాదంతో తొక్కలేక మోకాళ్ళతో ఎక్కారని పెద్దలు చెప్తారు. మెట్లమీద భక్తులు పెట్టిన పసుపు కుంకుమ మంచుకి తడిసి ఉంది. వెనక దబ్బున చప్పుడైంది. తిరిగి చూస్తే వాడు కూలబడి చీలమండ పట్టుకున్నాడు.

"ఏంరా?" అన్నాను, పది మెట్ల కింద నిలబడే.

"ఏంలేదులేరా. నువ్వు పో, నేనొస్తా."

పో అన్నాడు గనుక పోయాను. అన్నమాట నిజం, వాడి మొహం నేను చూసిన మాటా నిజం. కాని చేతి గడియారంలో నా బెస్టు టైముకన్నా చాలా ముందున్నాను.

కొంచెం కింద ఒక ముసలమ్మ ప్రతి మెట్టుకూ పసుపు రాసి బొట్టు పెడుతూ ఎక్కుతోంది. నన్ను చూసి, "యాడికి నాయనా ఆ పరుగు? స్వామి యాడికీ పోడులే!" అంది. నవ్వుకుని దూకేశాను.

తర్వాత దారి అడవిలోంచి పోతుంది. 2023 ఆగస్టులో చిరుతపులి ఒక పసిపాపను పొట్టన పెట్టుకున్నది నరసింహస్వామి గుడి దగ్గరే. ఆ తర్వాత నడిచేవాళ్ళకి చేతికర్రలిచ్చారు, గుంపులుగా పొమ్మన్నారు. గుడి దాటుతుండగా ఇదంతా గుర్తొచ్చింది. వీపున సంచి కూడా గుర్తొచ్చింది. వాడి ఫోను నా దగ్గర, వాడి బూట్లు నా దగ్గర. అయినా కాళ్ళు ఆగలేదు. ఏడోమైలు, గాలిగోపురం, అలిపిరి. గడియారం చూసుకుంటే నా పాత టైముకన్నా పదకొండు నిమిషాలు తక్కువ!

పాదాల మండపం దగ్గర కూర్చున్నాను. అరగంటైంది. గంటైంది. పైకి పరిగెడదామంటే తొడలు రాళ్ళయిపోయాయి. వచ్చేపోయేవాళ్ళని అడిగాను. గంటన్నర దాటాక ఘాట్‌రోడ్డు నుంచి దిగిన వ్యానులోంచి వాడు కుంటుకుంటూ దిగాడు. కాలికి ఎవరిదో తుండుగుడ్డ కట్టుంది. ఆ ముసలమ్మే వాణ్ణి చూసి పూజ ఆపి పక్కన కూర్చుందట. ఆమె కొడుకు కట్టు కట్టి, భుజం ఆనిచ్చి రోడ్డుదాకా నడిపించి వ్యాను ఆపాడట.

వాడు నన్ను ఒక్క మాటనలేదు. అడిగిందొక్కటే: "టైమెంతరా?"

"చూడలేదు" అన్నాను.

లిగమెంటు చిరిగిందన్నారు డాక్టరు. జట్టులో వాడి చోటు పోయింది, నాకొచ్చింది. పోటీ రోజు వాడు చంకలో కర్రతో వచ్చి ముగింపు గీత దగ్గర నిలబడి నా పేరు పెట్టి అరిచాడు. ఎన్నోవాడిగా వచ్చానో ఇక్కడ అనవసరం.

తర్వాత ఒకరోజు తెలుగు మాస్టారు క్లాసులో అన్నమాచార్యుల కథ చెప్పారు. పసివాడు చెప్పులతో కొండెక్కుతూ మోకాళ్ళ మెట్టు దగ్గర సొమ్మసిల్లి పడిపోతే, అలమేలుమంగమ్మే వచ్చి, చెప్పులు విప్పమని చెప్పి, ప్రసాదం పెట్టిందట. వెనక బెంచీలో నేను తల దించుకున్నాను. చెప్పులు విప్పే ఎక్కాను నేను. కాని అదే మెట్టు మీద, అలసి పడ్డవాడి పక్కన కూర్చోడానికి నాకు అయిదు నిమిషాలు లేకపోయాయి.

మరుసటి ఏడు వాడి కాలు బాగయ్యాక మళ్ళీ కొండ చుట్టాం. ఈసారి సంచి నేనే మోశాను; వాడు ముందు, నేను వెనక. మోకాళ్ళ మెట్టు నడిచే దిగాం. ఆ టైము నోటుబుక్కులో ఉంది, అన్నిటికన్నా చెత్త టైము అదే. ఇప్పుడు జూనియర్లు వస్తామంటే చెప్పేదొక్కటే: నెమ్మదివాడు ముందు, గట్టివాడు వెనక, ఎవడి ఫోను వాడి దగ్గర.

వాడు చదువు ముగించి వెళ్ళిపోయాడు. ఈ సంచిక వాడికి పోస్టులో పంపుతాను. చదివి మళ్ళీ టైమెంతరా అని అడిగితే, ఈసారి చెప్తాను.